పదకొండు వేల సైటేషన్ల గైడా, పదమూడు వందల గైడా?

ప్రశ్న:

మేడం గారికి నమస్కారం. మాది చిత్తూరు. బెల్లం మండీలో కమిషన్ వ్యాపారం. మా అమ్మాయి తిరుపతిలో, ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) వచ్చింది. మెదడు మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. రెండు చోట్ల ఇంటర్వ్యూ అయింది, రెండు చోట్లా రమ్మన్నారు. ఒకాయన పెద్ద ప్రొఫెసరు, ముప్పై ఏళ్ల సర్వీసు. గూగుల్ స్కాలర్‌లో చూస్తే 310 పేపర్లు, 11,400 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 52. ఇంకొకావిడ పదేళ్ల కిందట ల్యాబ్ పెట్టింది. 34 పేపర్లు, 1,300 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 17. మా అమ్మాయి ఆవిడ దగ్గరే చేరతానని పట్టుబట్టింది. మా బావమరిది కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడు ఈ లెక్కలన్నీ ఎక్సెల్‌లో వేసి చూపించి, "మామా, దాదాపు తొమ్మిదింతల తేడా ఉంటే ఇంక ఆలోచించేదానికి ఏముంది?" అంటున్నాడు. నాకు ఈ లెక్కలు అర్థం కావు. వారం రోజులుగా ఇంట్లో ఇదే రగడ. ఎవరి మాట వినమంటారు?

- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు:

నమస్కారం. మీరు బెల్లం మండీ అని రాసి నాకు సగం పని తగ్గించారు. బండిలో వచ్చిన సరుకు పసుపుపచ్చగా మెరిసిపోతుంటే మీరు అక్కడికక్కడే ధర కట్టరు కదా. ఒక గడ్డ తీసి విరుస్తారు, లోపలి రంగు చూస్తారు, చిటికెడు నోట్లో వేసుకుంటారు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం దట్టించారేమోనని అనుమానపడతారు. మీ బావమరిది కొడుకు గడ్డ విరవకుండానే వేలం పాట పాడేశాడు. అబ్బాయి తప్పేం లేదు లెండి, ఫోన్‌లో ఎవరికైనా ముందు కనబడేది పైరంగే.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా మీకు టెన్షన్‌గా ఉంటుంది. మీ అమ్మాయి వైపే. అయితే అది నూటికి అరవై పాళ్లు. మిగతా నలభై పాళ్లు ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని మీ తండ్రీకూతుళ్లే తేల్చుకోవాలి. ఏం చూడాలో రాస్తాను.

సైటేషన్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఒకరు రాసిన పేపర్ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. హెచ్-ఇండెక్స్ 52 అంటే ఆయన పేపర్లలో 52 పేపర్లకు ఒక్కోదానికీ కనీసం 52 సైటేషన్లు ఉన్నాయని. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ కొలత పెట్టాడు. అందులో తెలివి ఉంది. ఒక్క పేపరు అదృష్టం కొద్దీ పేలితే హెచ్ పెరగదు, ఎవరూ చదవని చిల్లర పేపర్లు వందలు గుప్పించినా పెరగదు. తిరకాసు కూడా అక్కడే ఉంది. జీవితంలో మూడే మూడు పేపర్లు రాసి, ఆ మూడింటితో ఒక శాస్త్రాన్నే మలుపు తిప్పిన మనిషికి హెచ్-ఇండెక్స్ మూడే. ఇంకొకటి, ఇది పెరగడమే గానీ తరగడం ఎరగదు. మనిషి రిటైరై మనవళ్లతో అలిపిరి మెట్లెక్కుతున్నా అది పెరుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ల ఆయన్నీ పదేళ్ల ఆవిడనూ ఆ అంకెతో పోల్చడమంటే, పాత బెంగళూర మామిడి తోటనీ నిన్నమొన్న కాపుకొచ్చిన తోటనీ పక్కపక్కన పెట్టి ఇన్నేళ్లలో ఎన్ని లారీలు తోలారని అడగడమే.

తక్కెడ కూడా ఒకటే ఉండాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, కాన్ఫరెన్స్ సంచికలు, ప్రీప్రింట్లు (జర్నల్లో అచ్చు కాకముందే బయటపెట్టిన పేపర్లు) అన్నీ కలిపి లెక్కేస్తుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనేవి కూడా ఇలాంటి జాబితాలే, కానీ అవి తాము ఎంపిక చేసుకున్న జర్నళ్లు, పుస్తకాలు, కాన్ఫరెన్స్ పేపర్లనే చూస్తాయి. అందుకే ఒకే మనిషికి మూడు చోట్ల మూడు అంకెలు. మనవాళ్లకు ఇంకో చిక్కుంది: ఒకే ఇనిషియల్ ఉన్న రెడ్లూ, రావులూ, కుమార్లూ వందల్లో ఉంటారు. ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో వచ్చి పడుతుంటాయి. కొందరు చూసుకుని తీసేస్తారు, కొందరు వచ్చిన లక్ష్మిని ఎందుకు కాదనాలని ఊరుకుంటారు.

ఇప్పుడు మీ అమ్మాయిని ఒక మాట అడగండి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో లౌరీ పద్ధతి చేశావా అని. చేసే ఉంటుంది. టెస్ట్‌ట్యూబులో ప్రొటీన్ ఎంతుందో నీలిరంగుని బట్టి కొలిచే పద్ధతి అది. 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు దాని మీద ఒక పేపరు రాశారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు అదే, మూడు లక్షలు దాటింది. ఈ లౌరీ మెదడు రసాయనశాస్త్రంలో దిట్ట. ఒకే ఒక్క నరకణాన్ని విడదీసి, అందులో ఎంజైములు ఎంతున్నాయో కొలిచే స్థాయికి పనిని తీసుకెళ్లినవాడు. ఆయన అసలు గొప్పతనం అది. లోకం మాత్రం ఆ నీలిరంగు పేపర్నే లక్షలసార్లు తలుచుకుంది. అది తన గొప్ప పేపరేమీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. వంటిల్లు ఉన్న ప్రతివాడికీ గరిటె కావాలి కదా, ఆ పేపరు గరిటె లాంటిది. అందుకని ఆ ప్రొఫెసరు గారి 11,400లో ఎంత భాగం ఏ పేపరు నుంచి వచ్చిందో చూడండి. సైటేషన్లు ఎక్కువ వచ్చినవి పైన ఉండేలా గూగుల్ స్కాలరే పేర్చి చూపిస్తుంది. మొదటి ఐదు పేపర్లు ఏమిటో చదవమనండి. కొత్త పద్ధతి చెప్పే పేపరా, ఇతరుల పనులన్నీ కూర్చి రాసిన రివ్యూనా, వందల మంది కలిసి చేసిన జన్యు అధ్యయనమా, ఆ ల్యాబ్‌లో పుట్టిన కొత్త సంగతా? రివ్యూలకు సైటేషన్లు సులువుగా వస్తాయి. రాయడం తేలికని అనను గానీ, రివ్యూలు రాసే ల్యాబ్‌లో మీ అమ్మాయి ఎలక్ట్రోడ్ పట్టడం నేర్చుకోదు.

అన్నిటికన్నా ముఖ్యమైన చోటుకి వస్తున్నాను. పేపరు మీద పేర్ల వరస.

మా శాస్త్రాల్లో ఆ వరసకు అర్థం ఉంటుంది. మొదటి పేరు, రాత్రింబవళ్లు ఆ పని చేసిన పిల్లది. చివరి పేరు ల్యాబ్ నడిపే పెద్ద మనిషిది. ఆలోచన, డబ్బు, బాధ్యత ఆ చివరి మనిషివి. మధ్యలో ఉన్నవాళ్లు తలా ఒక చెయ్యి వేసినవాళ్లు. ఆ చెయ్యి ఎంత పెద్దదో పైనుంచి చెప్పలేం. మెదడు కోతలు కోసి ఆరు నెలలు మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి మధ్యలో ఉండొచ్చు, ఒక సీసా రసాయనం అరువిచ్చిన మనిషి కూడా ఉండొచ్చు. 310 పేపర్లలో ఆ ప్రొఫెసరు గారి పేరు చివరన ఎన్నిట్లో ఉంది? ఇది మొదటి లెక్క. వాటిలో గత ఐదేళ్లవి తీసుకోండి. వాటి మీద మొదటి పేరు ఎవరిది? ఇది రెండో లెక్క, నన్నడిగితే అసలు లెక్క. మొదటి పేర్లు ప్రతిసారీ మారుతుంటే ఆ ల్యాబ్‌లో పిల్లలు తమ పని తాము పూర్తి చేసుకుని, పేరు వేసుకుని, బయటికి వెళ్తున్నారన్నమాట. అవే రెండు మూడు పేర్లు పదేపదే వస్తుంటే మిగతా పిల్లలు ఏమయ్యారని అడగాల్సిందే. అక్కడ థీసిస్ ఇచ్చినవాళ్ల పేర్లు, మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగలో దొరుకుతాయి. ఆ పేర్లు పట్టుకుని వాళ్లకు ఫస్ట్ ఆథర్‌గా ఒక్క పేపరైనా ఉందా అని వెతకండి. మీ బావమరిది కొడుక్కి ఎక్సెల్ వచ్చు కదా, గంట పని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎనభైలలో నేనూ మీవాడిలాగే లెక్కేశాను. అప్పట్లో తెర మీద అంకెలు లేవు, ప్రొఫెసరు గారి బయోడేటా ఎన్ని పేజీలుందో చూసేవాళ్లం. పేరు చెప్పను, ఒక పెద్ద ఊళ్లో ఒక పెద్ద ల్యాబ్. బయోడేటా పద్దెనిమిది పేజీలు. చేరాక తెలిసింది, మేం పంతొమ్మిది మందిమి ఉన్నామని. ఆయనకు నా పేరు పలకడం రెండో ఏట వచ్చింది. మూడేళ్లు ఎలుకల హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాలు కుదురుకునేదానికి అవసరమైన ఆ చిన్న భాగంలో, కరెంటు రికార్డు చేశాను. పేపరు అచ్చయి వచ్చినప్పుడు నా పేరు ఐదో చోట ఉంది. మొదటి చోట ఉన్నాయన ఎలుక పెట్టె తలుపు తీయడం కూడా నేను చూడలేదు. ఏడ్చానని రాస్తే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు. ఆయన బయోడేటా మాత్రం పంతొమ్మిదో పేజీకి చేరింది.

తర్వాత తిరుపతికి వచ్చి, చిన్న గదిలో, సొంతంగా ఒక చిన్న పని చేశాను. మత్తుమందు మోతాదు మారితే ఎలుక మెదడు సంకేతాలు ఎలా మారతాయి అనేది. మామూలు జర్నల్లో వచ్చింది. ఆ రోజుల్లో ఎవరికైనా మన పేపరు కావాలంటే ఒక పోస్టుకార్డు రాసేవాళ్లు, అచ్చుకాపీ పంపండి అని. రీప్రింట్ కార్డు అనేవాళ్లం. మా వీధి పోస్ట్‌మన్‌కి ఆ కార్డులంటే నాకన్నా సంబరం. విదేశీ స్టాంపులు చింపుకునేదానికి పక్కింటి పిల్లలు కాచుకుని ఉండేవాళ్లు. ఆ పేపరుకి మొత్తం పదకొండు కార్డులు వచ్చాయి. పది కార్డుల్లో అచ్చు వేసిన రెండు వాక్యాలే. పదకొండోది హంగరీ నుంచి. కింద నీలి ఇంకుతో చేతిరాత: మీరు చెప్పిన మోతాదు మా ముసలి ఎలుకలకు ఎక్కువవుతోంది, మీ ఎలుకల వయసెంత అని. వాటి వయసు నేను పేపర్లో రాయడం మర్చిపోయాను! ఆ తప్పు ఆ ఒక్క మనిషే పట్టుకున్నాడు, ఎందుకంటే ఆయన నా పనిని నిజంగా వాడి చూశాడు. ఆ కార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. మిగతా పదీ ఏమయ్యాయో తెలియదు.

ఇది ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు ఆ కార్డుల పని మీరు ఫోన్‌లోనే చేయొచ్చు. గూగుల్ స్కాలర్‌లో పేపరు కింద దాన్ని ప్రస్తావించినవాళ్ల జాబితా ఉంటుంది. ఒక్కో గైడ్‌వి రెండేసి పేపర్లు తీసుకుని, ఒక్కోదానికి ఐదుగురిని తెరవమనండి. అందులో గైడ్ ఇంటిపేరు వెతికి, ఆ పేరు వచ్చిన వాక్యం చదవాలి. మూడు రకాలు కనబడతాయి. ఒకటి గుంపు ప్రస్తావన: ఒత్తిడి వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని పలు అధ్యయనాలు తెలిపాయి అని రాసి, పక్కన పద్నాలుగు నంబర్లు తగిలిస్తారు. పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల అభినందనలతో అన్నట్టే. రెండోది వాడకం: ఫలానా వారి పద్ధతిలో చేశాం అని. మూడోది అరుదు: ఫలానా వారికి వచ్చిన ఫలితం మాకు మగ ఎలుకల్లో వచ్చింది, ఆడ ఎలుకల్లో రాలేదు, కారణం ఇదై ఉండొచ్చు అని. ఈ మూడో రకం వాక్యం ఒక్కటి దొరికినా ఆ గైడ్ పనిని ఎవరో కూర్చుని చదివారని, దాని మీద తమ ఇల్లు కట్టుకుంటున్నారని అర్థం. తప్పుపట్టే వాక్యమైనా సరే. ఎవరూ తప్పుపట్టని పేపరు అంటే చాలాసార్లు ఎవరూ పట్టించుకోని పేపరే.

అలాగే ప్రస్తావించినవాళ్లు ఎవరో చూడండి. సగం ఆ ల్యాబ్ వాళ్లే అయితే అది సొంత డబ్బా. కొంత సొంత ప్రస్తావన సహజమే, పాత పని మీదే కొత్త పని నడుస్తుంది కాబట్టి. మరీ ఎక్కువైతేనే అనుమానం.

మీకు ఇంకో సందేహం రావాలి, వచ్చిందో లేదో: ఇన్నివేల మంది ప్రస్తావించారంటే అందులో నిజం ఉండకుండా ఉంటుందా అని. 2006లో 'నేచర్' అనే పెద్ద జర్నల్లో అల్జీమర్స్ మీద ఒక పేపరు వచ్చింది. ఫలానా రకం అమిలాయిడ్ ప్రొటీన్ ఎలుకల్లో మతిమరుపు తెస్తుందని. దాదాపు 2,500 సైటేషన్లు వచ్చాయి. 2022లో 'సైన్స్' పత్రిక అందులోని బొమ్మలు దిద్దినట్టున్నాయని పరిశోధించి బయటపెట్టింది. 2024లో ఆ పేపర్ని వెనక్కి తీసుకున్నారు. దాన్ని నమ్మి పనిచేసిన పిల్లల ఏళ్లు మాత్రం వెనక్కి రావు. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో కథ. అమెరికాలో కొందరు చచ్చిన సాల్మన్ చేపని తెచ్చి ఎంఆర్ఐ స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఈ మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమని అడిగారు. లెక్కలు సరిదిద్దకుండా చూస్తే చేప మెదడులో ఒకచోట చురుకుదనం కనబడింది! మెదడు స్కానుల్లో వేల చుక్కల్ని ఒకేసారి పోలుస్తారు కాబట్టి, గణాంకాల్లో జాగ్రత్తపడకపోతే చచ్చిన చేప కూడా ఆలోచిస్తుందని తేల్చేశారు. మొదట అది 2009లో ఒక పోస్టరుగానే గోడకెక్కింది. 2012లో నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది. ఆ తర్వాత స్కాన్ పేపర్లు రాసేవాళ్లు ఆ లెక్క మరిచిపోవాలంటే భయపడ్డారు. ఇది నాకు ఇష్టమైన కథ, ఎవరికైనా చెప్పకుండా ఉండలేను.

మెదడు పనిలో ఆలస్యం గురించి కూడా మీకు తెలియాలి. ఎలుక ముసలిదవ్వాలంటే రెండేళ్లు ఆగాలి, తొందరపెడితే అవ్వదు. కోతికి ఒక పని నేర్పేదానికే నెలలు పడుతుంది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, ఆయన విద్యార్థి కలిసి ఒక చిన్న పేపరు రాశారు. ఎలుక గదిలో ఒక ఫలానా చోటుకి వచ్చినప్పుడే మోగే నరకణాలు హిప్పోక్యాంపస్‌లో ఉన్నాయని. చాలామంది నమ్మలేదు. 2005లో మోజర్ దంపతుల ల్యాబ్ చోటుని గళ్లు గళ్లుగా కొలిచే గ్రిడ్ కణాలని కనిపెట్టాక ఆ బొమ్మ నిండింది. 2014లో ఓకీఫ్‌కీ మోజర్ దంపతులకీ కలిపి నోబెల్ ఇచ్చారు. మొదటి పేపరుకి నలభై మూడేళ్ల తర్వాత! 1976లో ఎవరైనా ఎక్సెల్ వేసి ఉంటే, అప్పుడు ఎక్సెల్ లేదనుకోండి, ఓకీఫ్ దగ్గర చేరొద్దనే చెప్పేది.

మీరు చిత్తూరు వాళ్లు, ఇంట్లో ఎవరికో ఒకరికి రాయవేలూరు (వేలూరు) ఆసుపత్రి చీటీ ఉండే ఉంటుంది. మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో అక్కడే, సీఎంసీలో మొదలైంది. మొదలుపెట్టినాయన జేకబ్ చాందీ. కెనడాలో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. అదే మాంట్రియల్లో బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేది. మూర్ఛ తగ్గేదానికి హిప్పోక్యాంపస్ రెండువైపులా తీసేసిన ఒక మనిషిని ఏళ్ల తరబడి పరీక్షించింది. 1957లో స్కోవిల్ అనే సర్జన్‌తో కలిసి ఆవిడ రాసిన పేపరు లేకుండా జ్ఞాపకశక్తి మీద ఈరోజు ఏ పాఠ్యపుస్తకమూ లేదు. ఆ మనిషికి అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ దిద్దమని ఇచ్చేది ఆవిడ. మూడో రోజుకి చెయ్యి తిరిగిపోయింది, గీత తప్పకుండా దిద్దేశాడు. కానీ ఇదివరకు ఎప్పుడైనా చేశావా అంటే, ఈ బొమ్మే చూడలేదన్నాడు. మనసు మర్చిపోయింది, చెయ్యి గుర్తుపెట్టుకుంది. రెండు రకాల జ్ఞాపకాలు మెదడులో వేర్వేరు చోట్ల ఉంటాయన్నది అక్కడి నుంచే నిలబడింది. మిల్నర్ ప్రభావం పేపర్లలో కనబడుతుంది, లెక్కకి అందుతుంది. చాందీ ప్రభావం వేరు. 1951లో మద్రాసులో న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టిన నలుగురిలో ఆయనొకడు. ఆయన దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. ఆ పరంపర గూగుల్ స్కాలర్లో ఏ గడిలోనూ పడదు. మీ ఇంట్లో ఎవరికైనా అక్కడ తలకి ఆపరేషన్ అయిందంటే, అందులో ఆయన సైటేషన్ ఒకటి ఉన్నట్టే అనుకోండి.

గైడ్ విషయంలో మీరు చూడాల్సింది ఆ రెండో రకం కూడా. మీ అమ్మాయి చేరతానన్న ఆవిడ దగ్గర ఇప్పటిదాకా పీహెచ్‌డీ అయినవాళ్లు ఎంతమంది, ఇప్పుడెక్కడున్నారు? పదేళ్లలో నలుగురో ఐదుగురో అయి ఉంటారు. వాళ్లలో ఇద్దరు ఇంకా మెదడు పనిలోనే ఉంటే మంచి గుర్తు.

ఆవిడని కూడా ఊరికే నమ్మేయమని నేను చెప్పడం లేదు. అంకె చిన్నదైనంత మాత్రాన పని గొప్పదైపోదు, ఈ మధ్య అలా మాట్లాడటం కూడా ఒక ఫ్యాషనైంది. గత మూడు నాలుగేళ్లలో ఆవిడ ల్యాబ్ నుంచి కొత్త పేపరు రాలేదంటే ఎందుకో అడగాలి. గ్రాంటు అయిపోయిందా, మైక్రోస్కోపు పాడై పడుందా, జంతుశాలకు అనుమతి ఆగిందా? పెద్దాయన దగ్గర పరికరాలు బాగా ఉండొచ్చు, రేపు పీహెచ్‌డీ తర్వాత విదేశాల్లో చేసే పోస్ట్‌డాక్‌కి ఆయన రాసే ఉత్తరానికి విలువ ఉంటుంది. నాకు ఐదో చోటు దక్కిందని ప్రతి పెద్ద ల్యాబూ అలాగే ఉంటుందని కాదు. పంతొమ్మిది మందినీ కన్నపిల్లల్లా చూసుకున్నవాళ్లూ నాకు తెలుసు.

డబ్బు లెక్క మీకు నాకన్నా బాగా తెలుసు గనక సూటిగా రాస్తాను. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత అదే ఎస్ఆర్ఎఫ్ అనే పై ఫెలోషిప్‌గా మారి 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. మొత్తం ఐదేళ్లే. ఏ ల్యాబ్‌లోనైనా పిల్లలకు ఏడేళ్లు పడుతోందంటే ఆ చివరి రెండేళ్లు మీ జేబు నుంచే. అందుకని రెండు ల్యాబుల్లోనూ మామూలుగా ఎన్నేళ్లు పడుతోందో కనుక్కోండి. ఇంకొకటి, ప్రొఫెసరు గారికి సర్వీసు ఎంత మిగిలిందో చూసుకోండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త పిల్లల్ని తీసుకోకూడదు, ఒక ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మందికి మించి ఉండకూడదు. అది యూనివర్సిటీ కాకుండా సొంత నియమాలున్న సంస్థ అయితే అక్కడి పద్ధతేమిటో అడగాలి. ముప్పై ఏళ్ల సర్వీసంటే అడగాల్సిన ప్రశ్నే, అందులో అమర్యాద ఏమీ లేదు.

ఈ గొడవలో మీ దాకా ఇంకో రకం సలహా కూడా వస్తుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. ఫలానా ఇంటర్నేషనల్ జర్నల్లో ఇన్ని వేలు కడితే వారంలో పేపరు వేస్తారు, అమ్మాయి ప్రొఫైల్ పెరుగుతుంది అని. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపరు ఉండి తీరాలన్న షరతుని యూజీసీయే 2022లో తీసేసింది, కొన్ని సంస్థలు తమ సొంత నియమంగా పెట్టుకుంటాయి. వారంలో వేసే జర్నల్లో పేపర్ని చదివేవాడే ఉండడు. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ పేరు చూస్తే ముఖం మారుతుంది. అదే హైడ్రోస్ అనుకోండి.

చివరగా చేయాల్సిన పని. రెండు ల్యాబుల నుంచీ ఇద్దరిద్దరికి ఫోన్ చేయించండి. ఒకరు పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు, ఇంకొకరు మధ్యలో మానేసి వెళ్లినవాళ్లు. మానేసినవాళ్ల పేర్లు దొరకడం కష్టమే, కానీ సీనియర్లకు తెలుసుంటాయి. గైడ్ మీతో చివరిసారి కూర్చుని డేటా చూసింది ఎప్పుడు, పేపరు మొదటి చిత్తు ఎవరు రాస్తారు, పేర్ల వరస ఎప్పుడు తేలుతుంది, పని మొదలుపెట్టేటప్పుడా, పేపరు పంపే ముందు రోజా? ఇవి అడగమనండి. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు మీరు స్పీకర్ పెట్టించి పక్కన కూర్చోకండి. తండ్రి వింటున్నాడని తెలిస్తే అవతలి పిల్లలు నోరు విప్పరు. బెల్లం మండీకి వెళ్లిపోండి, రాత్రి అమ్మాయే చెబుతుంది.

మీ బావమరిది కొడుకుని మాత్రం వదలొద్దు. 310 పేపర్లలో ఆయన పేరు చివరన ఉన్నవి ఎన్ని, ఆ చివరివాటిలో మొదటి పేరు విద్యార్థిది ఎన్ని, ఆవిడ 34లో ఈ రెండూ ఎన్నెన్ని, ఈ నాలుగు గడులు ఆ ఎక్సెల్‌లో కొత్తగా చేర్చమనండి. వచ్చిన అంకెలు నాకు రాసి పంపండి, నా అరవై పాళ్లు మారతాయేమో చూద్దాం.